పడుకుని చేసే యోగాతో బీపీ తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మాది పర్లాకిమిడి. ఇంట్లోనే మిషన్ కుడతాను. బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నా 150/90 చూపిస్తోంది. మెడనొప్పి, రాత్రిళ్లు నిద్ర లేదు. మా వీధి యోగా క్లాసులో సూర్యనమస్కారాలు, కపాలభాతి వేగంగా చేయిస్తుంటే ఆయాసం, తల దిమ్ము. నెమ్మదిగా చేసే యోగాతో లాభం ఉంటుందా? ఇంట్లో వాళ్లు ‘పడుకోవడం కూడా యోగానేనా’ అని నవ్వుతున్నారు.

జవాబు: నవ్వనివ్వండి. వెల్లకిలా కదలకుండా పడుకునే శవాసనం అలసట పోగొట్టి మనసుకు విశ్రాంతినిస్తుందని పాత యోగా గ్రంథం హఠయోగ ప్రదీపికలోనే ఉంది. బొంబాయిలో డాక్టర్ దాతే బృందం బీపీ ఉన్నవాళ్లతో శవాసనం చేయించి, 1969లో ఫలితాలు ప్రచురించింది. కొందరికి బీపీ తగ్గింది, కొందరికి మందుల మోతాదు తగ్గించగలిగారు. తగ్గించింది డాక్టర్లు. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు.

పొట్ట లోపలికి లాగుతూ వేగంగా ఊపిరి వదిలే కపాలభాతి మాత్రం ఇవాళే మానేయండి. ఆయాసాన్ని వయసు మీదకి నెట్టేయకుండా ఒక ఈసీజీ తీయించుకోండి. మాత్ర వేసుకున్నా 150 ఉందంటే మందు మార్చాల్సి రావచ్చు. మెడనొప్పికి షాపులో కొనుక్కుని నొప్పి మాత్రలు మింగుతున్నారా? వాటిలో చాలావాటితో బీపీ పెరుగుతుంది, కిడ్నీలకూ చేటు. మీరు రాయలేదు గానీ, మిషన్ కుట్టేవాళ్లలో ఈ అలవాటు ఎక్కువగా చూస్తుంటాను.

ఇక సాధన. రాత్రి భోజనమైన రెండు గంటల తర్వాత నేలమీద దుప్పటి పరుచుకుని వెల్లకిలా పడుకోండి. మోకాళ్ల కింద దిండు, మెడ కింద పలచగా మడిచిన చీర. ముక్కుతోనే ఊపిరి పీలుస్తూ మనసులో నాలుగు దాకా లెక్కపెట్టండి, వదిలేటప్పుడు ఆరు దాకా. బిగబట్టొద్దు. ఊపిరి నిదానంగా వదిలితే మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి పనిచేసి గుండె వేగం తగ్గుతుంది, టెన్షన్ సడలుతుంది. పది పదిహేను నిమిషాలు చాలు. మనసు నిలవకపోతే యోగనిద్ర మంచిది: ఒకరు చెబుతుంటే కాలివేళ్ల నుంచి తలదాకా ఒక్కో భాగం మీద ధ్యాస పెట్టడమే. బిహార్‌లోని ముంగేర్ ఆశ్రమానికి చెందిన స్వామి సత్యానంద సరస్వతి దీన్ని ఇప్పటి రూపంలో ప్రచారంలోకి తెచ్చారు. ఫోన్‌లో తెలుగులోనూ దొరుకుతుంది. మధ్యలో నిద్ర పడితే పట్టనివ్వండి, మీకు కావాల్సిందీ అదే. లేచేటప్పుడు మాత్రం పక్కకి ఒత్తిగిలి, కాసేపు కూర్చుని లేవాలి. బీపీ మాత్ర వేసుకునేవాళ్లకి గభాలున లేస్తే కళ్లు తిరగొచ్చు.

గోడకు కాళ్లు ఆనించి పడుకునే విపరీతకరణి బీపీ అదుపులోకి వచ్చేదాకా వద్దు. కంటిలో నీటికాసులు (గ్లాకోమా) ఉన్నవాళ్లూ దాని జోలికి పోకూడదు. మెడను గుండ్రంగా తిప్పకండి. అరగంటకోసారి మిషన్ మీంచి లేచి భుజాలు వెనక్కి తిప్పితే చాలు.

ఈ యోగా నడకకు బదులు కాదు. ఈసీజీ బాగుంటే వారానికి ఐదు రోజులు అరగంట నడవండి. ఊరగాయ, ఎండుచేపలు తగ్గించండి. వారం పాటు పొద్దున, సాయంత్రం బీపీ రాసుకుని ఆ కాగితం మీ డాక్టర్‌కి చూపించండి. ఎప్పుడైనా 180/120 దాటి ఛాతీనొప్పి, మాట తడబాటు లాంటివి కనిపిస్తే శవాసనం వేస్తూ కూర్చోవద్దు. బరంపురమా, శ్రీకాకుళమా అని ఆలోచించకుండా ముందు మీ ఊళ్లోని జిల్లా ఆసుపత్రికే వెళ్లండి.