కోడలు పిల్లకు మామయ్య ఉత్తరం

తల్లీ,

రామగుండంలో పాత సీహెచ్‌పీని, అదే బొగ్గు పగలగొట్టి, జల్లించి పంపే ప్లాంటుని, కొత్తగా మార్చే టీంలో నిన్ను వేశారని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

పాత డ్రాయింగుల్ని నమ్మకు, టేపు పట్టుకుని నువ్వే కొలుచుకో. బేరింగులు, రోలర్లు వీలైనంత వరకు ఒకటే సైజు పెట్టించు. ఇవి నీకు తెలిసినవే.

పేరెందుకు గానీ, నేను ఇక్కడికి రాకముందు పనిచేసిన ఓ ప్లాంట్‌లో టన్నులు పెంచాలని పాత షెడ్డులోనే బొగ్గు జల్లించే పెద్ద స్క్రీన్ ఇరికించారు. గోడకూ దానికీ మధ్య మనిషి పక్కకు తిరిగితే గానీ పట్టడు. మోటారు ఎత్తడానికి పైన మోనోరైల్, అంటే గొలుసు కప్పీ తగిలించే దూలం, లేదు. బొగ్గు కిందికి జారే చూట్‌కు తలుపు లేదు. వానాకాలం తడి బొగ్గు ఇరుక్కుంటే బయట నుంచి సమ్మెటతో బాదడమే. ఒక షిఫ్టు పని రెండ్రోజులు పట్టేది. దాంతో షట్‌డౌన్ అడగాలంటేనే అందరికీ భయం. చివరికి బెల్ట్ నడుస్తుండగానే దాని వెనక చివర తిరిగే టెయిల్ పుల్లీ కింద పారతో బొగ్గు తీయడం అలవాటైంది. ఒక నైట్ షిఫ్టులో పార చిక్కి, ఓ కుర్రాడి చెయ్యి భుజం దాకా లోపలికి పోయింది. బెల్ట్ ఆపే తాడు, పుల్ కార్డ్, లాగాం. తాడు వదులైపోయి ఉంది, బెల్ట్ ఆగలేదు. ప్రాణం దక్కింది, చెయ్యి దక్కలేదు. ఎంక్వైరీలో అతని అజాగ్రత్త అని రాశారు. ఆ చెయ్యి అక్కడికి ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో ఎవరూ రాయలేదు.

అందుకే గ్రీజు పాయింట్లన్నీ పైపులతో రక్షణ గార్డు బయటికి తెప్పించు. ప్రతి గేర్‌బాక్సు మీదా మోనోరైల్, ప్రతి చూట్‌కూ తలుపు ఉండాలి. ఖర్చని ఎవరైనా కొట్టేస్తే ఊరుకోకు.

ఇక మార్కెట్ సంగతి. 2012లో బొగ్గు గ్రేడ్లు కెలోరీల లెక్కకు మారి జీ1 నుంచి జీ17 దాకా అయ్యాయి. దూరపు కరెంటు ప్లాంట్లకు 34 శాతం బూడిద మించకూడదన్న రూల్‌ను 2014లో ఇంకా బిగించారు, 2020లో తీసేశారు. రూల్ మారినప్పుడల్లా కాంక్రీటు పగలగొట్టలేం కదా. మన బొగ్గు ఎక్కువగా కరెంటుకే పోతున్నా, సిమెంటు వాళ్లూ ఉన్నారు, రేపు ఇంకొకరు ఇంకో సైజు అడుగుతారు. బొగ్గు పగలగొట్టే క్రషర్‌ను తప్పించి బొగ్గు పోయేలా ఒక బైపాస్ చూట్ పెట్టించు. ఇంకో స్క్రీన్‌కు జాగా వదులు. ఖాళీగా ఉందని అందులో ఆఫీసు రూము కట్టనివ్వకు.

బెల్ట్ దగ్గరికి చున్నీతో వెళ్లావని తెలిస్తే మాత్రం ఊరుకోను. జడ హెల్మెట్ లోపలే ఉండాలి. చిన్నప్పుడు నా భుజమెక్కి గూడ్సు రేకులో వ్యాగన్లు లెక్కపెట్టినదానివి, నీ మీద బెంగ ఉండదా?

డ్రాయింగులు ఫైనల్ కాకముందే ఒక ఆదివారం ఇంటికి పట్టుకురా. అత్తయ్య సర్వపిండి చేస్తానంటోంది. తినే ముందు టెయిల్ ఎండ్ షీటు నాకు చూపించు.

మీ మామయ్య