గోదావరిలో చేపల లెక్క కట్టేముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కూనవరం నుంచి ధవళేశ్వరం దిగువ దాకా చేపజాతులు లెక్కకడతావని విన్నాను. సంతలో తూకానికి వచ్చినవి చూసి జాబితా రాయకు. చిన్నచేపలు చాలావరకు అక్కడికి రావు, వచ్చినవి ఏ నీళ్ళలో పట్టారో తెలియదు.

ఏ వల వేస్తే దానికి తగ్గవే పడతాయి. రాళ్ళమీద వడిగా పారేచోట గర్రాలాంటి చిన్నచేపలు నోటి కిందున్న బిళ్ళతో రాయిని కరుచుకుంటాయి. అక్కడ విసురువల వేస్తే చిరుగుతుంది. మూడు మిల్లీమీటర్ల కన్నున్న చేతివల దిగువన పట్టుకో, ఎగువన ఇంకొకరు రాళ్ళు కదపాలి. మడుగుల్లో వాలుగ, జెల్ల, బొచ్చెల కోసం 20, 40, 60, 80 మిల్లీమీటర్ల కన్నుల గిల్‌నెట్లు, అంటే చేప మొప్పల దగ్గర ఇరుక్కునే వలలు, ఒకే పొడవువి పొద్దుగూకాక కట్టి తెల్లారి తియ్యి. ఎండాకాలంలో మూడు గంటలకోసారి చూడకపోతే పడ్డవి కుళ్ళిపోయి ముట్టుకోలేవు. ఇసుక దొందులు, పరిగలు లాంటి చిన్నచేపలకు ఒడ్డున చిన్న లాగుడువల చాలు.

గుర్రపుడెక్క పట్టిన నిలవనీళ్ళలో మావులు, అంటే చేపలు పట్టే బోనులు, పెట్టు. కొర్రమేను, మార్పు, ఇంగిలాయి పైకొచ్చి గాలి పీలుస్తాయి గనుక ప్రాణవాయువు తక్కువైనా అక్కడ బతుకుతాయి. మావు మొత్తం ముంచేస్తే మాత్రం అందులోనే ఊపిరాడక చస్తాయి, పైన జానెడు నీటిబయట ఉంచు. ఇంగిలాయి రొమ్ముముల్లుకు విషం ఉంది, వట్టిచేత్తో పట్టకు.

రెండుచోట్ల చేపలు ఒకే బకెట్లో పొయ్యకు, ఆ తప్పు తరవాత దిద్దలేం. వల పొడవు, వేసిన గంటలు, లోతు, నీటివడి, అడుగున ఇసుకా రాయా అన్నవి అక్కడే రాసుకో. ఖాళీగా వచ్చిన వల కూడా లెక్కే. జనవరిలో పులస పడలేదని లేదనుకోకు, అది వరదనీటితో సముద్రం నుంచి ఎదురెక్కే చేప.

పోల్చుకోలేని చేపను ముందు ఎడమవైపు స్కేలుతో ఫొటో తియ్యి. డీఎన్‌ఏ కావాలంటే, చేప కుళ్ళకుండా నిలవుంచే మందు ఫార్మలిన్ తగలకముందే రెక్కముక్క కోసి 95 శాతం ఆల్కహాల్లో వెయ్యి, ఫార్మలిన్ దాన్ని పాడుచేస్తుంది. తరవాత ఒకపాలు ఫార్మలిన్‌కు తొమ్మిదిపాళ్ళు నీళ్ళు కలిపి చేపను ముంచు. పెద్దదైతే కుడివైపు పొట్ట కొంచెం కొయ్యి, లేకుంటే లోపల కుళ్ళుతుంది. చీటీ పెన్సిల్‌తో రాసి సీసాలోపలే వెయ్యి, పెన్ను సిరా ఆల్కహాల్లో కరిగిపోతుంది.

పాపికొండల జాతీయవనంలో అటవీశాఖ అనుమతిలేనిదే వల దించకు. దాచనక్కర్లేని చేపలన్నీ బతికుండగానే పట్టినచోటే వదులు. సక్కర్ చేపా తిలాపియా మన ఏటివి కావు, బయటిదేశాలనుంచి వచ్చినవి, అవి పడితే మాత్రం తిరిగి ఏట్లో వెయ్యకు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న