పులిహోరలో ఇంగువ, పెళ్లింట్లో పూరీ

ప్రశ్న: అక్కా, మాది కర్నూలు. డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నా. మూడు నెలల కింద సీలియాక్ అనే పేగుల జబ్బని తేలింది, గోధుమలాంటి గింజల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పూర్తిగా మానేయమన్నారు. వచ్చే నెల ఫ్రెండ్స్ ట్రిప్ వేశారు. డిసెంబరులో మా అన్న పెళ్లి, ఇద్దరు రూమ్మేట్లు కూడా నాతో ఊరికొస్తున్నారు. అందరికీ నా వల్ల ఇబ్బందేమో అని టెన్షన్. ట్రిప్ మానుకోవాలా?

మానుకోకు తమ్ముడూ. న్యూజెర్సీ వచ్చిన ఏడో ఏట నాకిది బయటపడింది. ఏడాది పాటు ఎవరు పిలిచినా ఏదో ఒక సాకు చెప్పి ఇంట్లో కూర్చున్నా. రెండో ఏడు పిలవడమే మానేశారు. వాళ్లనేం అంటాం? ఇప్పుడు సెలవుకొచ్చి అనంతపురంలో అమ్మ దగ్గర ఉన్నా, పొద్దున ఉగ్గాని తిని నీకు రాస్తున్నా. అందుకని రెండు దేశాల సంగతీ చెప్తా.

గోధుమ, బార్లీ, రై (గోధుమలాంటి ధాన్యం, ఆవాలు కాదు). ఈ మూడూ మానేస్తే సరి అని డాక్టరు ఒక్క ముక్కలో చెప్పేస్తాడు. చపాతీ, పూరీ, ఉప్మా, సేమ్యా మన కంటికి కనిపిస్తాయి, మానేస్తాం. మనల్ని పడగొట్టేవి కనిపించనివి. ఒకసారి ఎనిమిది మందిమి వ్యాను మాట్లాడుకుని గ్రాండ్ కాన్యన్ పోయాం. ఒక ఫ్రెండ్ నా కోసమే తెల్లవారుజామున లేచి పులిహోర కలిపింది. అన్నమే కదా అని రెండుసార్లు పెట్టించుకుని తిన్నా. రాత్రికి మొదలైంది. పొద్దున అందరూ సూర్యోదయం చూడను లోయ అంచుకు పోతే, నేను మోటెల్ బాత్రూంలో గోడ టైల్స్ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా. తిరిగొచ్చాక ఆమె వంటింట్లో డబ్బాలన్నీ ఒక్కొక్కటీ తిప్పి చూశాం. పప్పులు, నూనె, పసుపు అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి ఇంగువ డబ్బా వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో, గోధుమ పిండి. పాపం ఆ పిల్ల ఏడ్చింది.

అసలు ఇంగువ ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు. అది మరీ ఘాటని పిండి, తుమ్మజిగురు కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలావాటిలో గోధుమదే, కొన్నిటిలో బియ్యప్పిండి. డబ్బా తిప్పి చదివి రెండో రకం కొనుక్కో, ట్రిప్పుకైనా పెళ్లికైనా జేబులో వేసుకునిపో. చిటికెడుకే ఇంత రాద్ధాంతమా అంటారు. అమెరికాలో గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర వేయాలంటే గ్లూటెన్ 20 పీపీఎం లోపు ఉండాలి. అంటే కేజీ తిండిలో 20 మిల్లీగ్రాములు. మన దేశంలోనూ అదే హద్దు. ఇంకో సంగతి, అమెరికా లేబుళ్ల మీద గోధుమ ఉంటే చెప్పి తీరాలి గానీ, బార్లీకి ఆ చట్టం లేదు. మాల్ట్ మామూలుగా బార్లీదే, కాబట్టి 'మాల్ట్' అన్న మాట కనిపిస్తే పక్కన పెట్టేసెయ్. చిన్నప్పటి హార్లిక్స్ కూడా అందులోకే వస్తుంది.

ఇక ట్రిప్. బస, హోటళ్లు వెతికే పని నేను చూస్తానని గ్రూపులో అందరికంటే ముందు నువ్వే చెప్పు. ఎలాగూ ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు, సంతోషంగా నీ నెత్తిన పెడతారు. వంటిల్లున్న ఇల్లు తీసుకో. చిన్న రైస్ కుక్కర్, ఒక పెనం, ఒక గరిటె నీవి నువ్వు పట్టుకుపో. అద్దింటి పెనం మీద ఎవరెవరు ఏం కాల్చారో తెలియదు. మీ రూములో కూడా అంతే, చపాతీ వేసిన పెనం మీదే నీ దోసె వేయొద్దు. పచ్చళ్లు విమానంలో చేతి సంచిలో పెడితే ద్రవాల కింద లెక్కేసి తీసేయించొచ్చు, పొడులు పట్టుకుపో. చెనిక్కాయల పొడి, అక్కడే కొనుక్కున్న నెయ్యి ఉంటే రెండు రోజులు గడిచిపోతాయి. అంతర్జాతీయ విమానానికైతే టికెట్ తీసుకున్నప్పుడే జీఎఫ్‌ఎమ్‌ఎల్ అనే గ్లూటెన్ లేని భోజనం అడుగు, ప్రయాణానికి రెండు రోజుల ముందు మళ్లీ ఫోన్ చేసి ఉందో లేదో చూసుకో. అయినా సంచిలో అరటిపండ్లు ఉండనీ.

బయట తినాల్సొస్తే మెక్సికన్ మేలు, మొక్కజొన్న టోర్టియా అని అడుగు. చైనా, థాయ్ వంటల్లో సోయా సాస్ ఉంటుంది, మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. మన ఇండియన్ హోటల్లో నాన్ మానేసినంత మాత్రాన అయిపోదు. పకోడీ శెనగపిండిదే, కాగే నూనె మాత్రం సమోసాది. రద్దీ టైములో పోకుండా కాస్త ముందు పోతే వంటాయనతో మాట్లాడే వీలుంటుంది. రాత్రి మందు పార్టీలో బీరు ముట్టుకోకు, బార్లీది. వైన్, సైడర్ పర్వాలేదు. (మీ అమ్మ ఇది చదవదనుకుంటున్నా.)

ఇదంతా ఒక ఎత్తు, పెళ్లి ఒక ఎత్తు. అమెరికాలో గ్లూటెన్ అంటే సర్వర్ తల ఊపుతాడు. మన దగ్గర ఆ మాట అంటే "అదేం రోగం అప్పా" అని నలుగురు చుట్టూ చేరతారు. ఆ మాటే ఎత్తకు. "గోధుమ, మైదా, రవ్వ పడవు, డాక్టరు వద్దన్నాడు" అను. షుగర్ వాళ్లను చూసిన ఊరు, ఇట్టే అర్థమవుతుంది. ఆ వెంటనే ఏం చేసి పెట్టాలో కూడా నువ్వే చెప్పు. "ఏం తినవు?" అన్న లెక్క మొదలైతే పెద్దవాళ్లు బెదిరిపోయి చివరికి పాలూ పండ్లూ చేతిలో పెడతారు. "పిన్నీ, సంగటి, కోడిపులుసు చేయి" అన్నావనుకో, ఆమెకు పండగే.

నిజానికి మన సీమ తిండి నీకు కలిసొచ్చేదే. రాగి సంగటి, కొర్రన్నం, జొన్న రొట్టె, ఊరిబిండి, దేంట్లోనూ గోధుమ లేదు. ఉగ్గాని బొరుగులదే, మీ కర్నూలోడికి నేను చెప్పాలా! కానీ పక్కన మిరపకాయ బజ్జీ ఉంటుందే, హోటల్లో పూరీ కాల్చిన నూనెలోనే అదీ కాలుతుంది. జొన్నపిండికి ఇంకో చిక్కు. మరలో నీకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించి ఉంటారు. మా అమ్మ మొదట్లో కాసిని జొన్నలు పోసి ఆ తొలి పిండి పక్కింటి ఎనుముకు పంపేది. అదీ నమ్మకం చాలక ఇప్పుడు మిక్సీలోనే పడుతోంది. మిక్సీ కాలిపోతే ఇంకోటి నేనే కొనివ్వాలట.

పెళ్లికి ముందు రోజు సాయంత్రం వంటమాస్టరును పక్కకు పిలిచి మాట్లాడు. ఉదయం టిఫిన్ వదిలేయ్, పూరీ పిండి గాల్లోనే ఎగురుతుంటుంది, ఇంట్లో తిని పో. మధ్యాహ్నం అన్నం, పెరుగు, ఇంగువ పోపు వేయకముందు తీసిపెట్టిన పప్పు నీకు విడిగా గిన్నెలో పెట్టమను. ఓళిగలు వడ్డిస్తారు, పైపొర మైదా. పూర్ణం ఒక్కటే తింటానని ఆశపడకు, అది విడిగా ఉన్నప్పుడే వంటింట్లో అడిగి ఒక ఉండ తీయించుకో. రూమ్మేట్లతో బెంగళూరులో విమానం దిగి 44వ నంబరు హైవే మీద వస్తావేమో, దారిలో ధాబాల్లో వాళ్లను తిననీ, నీకు ఇంటినుంచి క్యారియర్ తెప్పించుకో. వాళ్ల ముందు మొహం మాడ్చుకుని కూర్చోకు, అదే వాళ్లకు ఇబ్బంది.

"ఒక్క ముక్కకేం కాదులే" అనే మామయ్య ప్రతి ఇంట్లో ఉంటాడు. వాదించకు, నవ్వి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టు. వాళ్లకు అలవాటు కావడానికి రెండేళ్లు పడుతుంది. మా పిన్ని ఇప్పుడు నాకోసం ఒక గరిటె విడిగా పెట్టి, కాడకు ఎర్ర దారం కట్టింది. నిన్న మా మామయ్య దాన్ని తీసి సేమ్యా పాయసం కలపబోతే, వీధి చివరికి వినబడేట్టు అరిచింది.