ఆల్బమ్ డార్క్‌గా వస్తే పిల్లాడికి పని రాదనేనా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి డిగ్రీ చేసి, భీమవరంలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తున్నాడు. స్క్రీన్ మీద బాగున్న ఫోటో ప్రింట్‌లో డార్క్‌గా వస్తోందని మాటలు పడుతున్నాడు. మానిటర్ క్యాలిబ్రేషన్ పరికరం కొనిచ్చినా అదే గొడవ. పొలం మీద అప్పు తెచ్చి హైదరాబాద్‌లో వీఎఫ్‌ఎక్స్ కోర్సులో చేర్పించమంటారా, ఇక్కడే ఉంచమంటారా?

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే గానీ, మీ అసలు టెన్షన్ "మావాడికి ఈ పని రాదేమో" అని. ముందు ఆ భయం వదిలేయండి. ఈ పనిలో దిగినవాళ్లలో చాలామందికి ఎదురయ్యే సమస్యే ఇది.

ఆ పరికరం రంగులు సరిచేస్తుంది. వెలుగు ఎంత ఉండాలో మాత్రం మనమే దానికి చెప్పాలి. కొత్త మానిటర్లు చాలావరకు 250 నిట్స్ (స్క్రీన్ వెలుగును కొలిచే లెక్క) పైనే వెలుగుతాయి. ప్రింట్ పనికి 80 నుంచి 120 చాలు. 250 నిట్స్ వెలుగులో చూస్తే డార్క్ ఫోటో కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. కాగితానికి సొంత వెలుగు లేదు కదా, ప్రింటయ్యాక పెళ్లికూతురి జడగంటలు జుట్టులో కలిసిపోతాయి.

ఇలా చేయమనండి. స్క్రీన్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, పక్కనే ప్రింటింగ్ ల్యాబ్ వాడే కాగితం ముక్కను లైటు కింద పెట్టాలి. రెండు తెలుపులూ ఒకేలా కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించి, ఆ స్థాయిలోనే మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి. ల్యాబ్ వాళ్ల ప్రొఫైల్ (వాళ్ల ప్రింటర్, కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) అడిగి తీసుకుని సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింట్ ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూడాలి. కాగితం మీద పడే లైటు కూడా ముఖ్యమే. ఐఎస్ఓ 3664 ప్రమాణం ప్రకారం ప్రింట్‌ను నిశితంగా పోల్చడానికి 2000 లక్స్ (వస్తువు మీద పడే వెలుగు కొలత), మామూలుగా చూడటానికి 500 లక్స్ ఉండాలి. మన ఇళ్లలో రాత్రిపూట అంతకన్నా బాగా తక్కువే ఉంటుంది, ఆల్బమ్ తిరగేసేది అక్కడే. కాబట్టి ఒక టెస్ట్ ప్రింట్ ఇంటికి తెచ్చి హాల్లో కూడా చూసుకోవాలి.

ఇక వీఎఫ్‌ఎక్స్. నాకు దాని మీద గట్టి అనుమానాలే ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్లకు ఎక్కువగా ఇచ్చేది రోటో పని. అంటే సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో మనిషి అంచు కత్తిరించడం. ఏఐ ముందుగా లాక్కుంటున్నదీ ఈ పనినే. పేరున్న కంపెనీలో చేరితే భద్రం అనుకోకండి. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే పెద్ద వీఎఫ్‌ఎక్స్ కంపెనీ మూతపడితే బెంగళూరులో వేలమంది ఉద్యోగాలు పోయాయి. కోర్సు అమ్మేవాళ్లు ఇవేవీ చెప్పరు.

కోపం తెచ్చుకోకండి గానీ, ఒక మాట అడుగుతాను. ఇంత రాశారు, మీ అబ్బాయి ఏమంటున్నాడో ఒక్క ముక్క రాయలేదే? కస్టమర్లు నాలుగు మాటలన్నారని పొలం కాగితాలు బయటికి తీస్తారా? వాడు మాటలు పడుతూ కూడా పని వదల్లేదు. అది మీకు కనిపించలేదా? రెండిట్లో ఏది మేలంటే, ఇప్పటికి ఉన్న పనే మేలు. వీఎఫ్‌ఎక్స్ మీద నిజంగా వాడికే ఇష్టముంటే బ్లెండర్ అనే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఆరు నెలలు సాయంత్రాలు ఇంట్లో నేర్చుకోనివ్వండి. ఆ తర్వాత చేసిన పని తీసుకుని వాణ్నే నా దగ్గరికి పంపండి, ఫీజు సంగతి అప్పుడు మాట్లాడదాం.