ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లకుండా ఆపాలా?

ప్రశ్న: మా వారు నాలుగేళ్లుగా కువైట్‌లో ఉన్నారు. పదో తరగతి లెక్కల్లో తప్పినప్పటి నుంచి మా అబ్బాయి నాతో మాట్లాడడం తగ్గించాడు. సాయంత్రమంతా మా వీధిలో చెక్క చెంచాలు చేసే పెద్దాయన దగ్గరే ఉంటాడు. ఆయన చెప్పాకే సప్లిమెంటరీకి ఫీజు కట్టాడు. కన్నతల్లి కంటే పరాయివాళ్లు ఎక్కువయ్యారా? అక్కడికి వెళ్లకుండా ఆపేయమంటారా?
– ఒక తల్లి, ఉదయగిరి

జవాబు: ఆపకండమ్మా. ఒంటిచేత్తో పెంచుకున్న బిడ్డ మరొకరి మాట వింటుంటే మనసు చివుక్కుమనడం సహజమే. అయితే మీ అబ్బాయి మీ ఎదుట మౌనంగా ఉంటున్నది మీరంటే లెక్కలేక కాదు, మీ ముందు తలదించుకోవలసి వచ్చిందన్న సిగ్గుతోనని నాకు అనిపిస్తోంది. ఆ పెద్దాయనకు వాడి మార్కులతో పని లేదు. చేతిలో ఆకురాయి పెట్టుకుని చెక్కను నున్నగా రుద్దుతూ, ఎదుటివారి ముఖం చూడనక్కరలేకుండా, ఇంట్లో పెదవి దాటని మాటను కూడా పిల్లవాడు అక్కడ చెప్పుకోగలుగుతాడు.

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వ శాస్త్రవేత్త ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు పరిశీలించింది. పేదరికం, ఇంటి కలతల మధ్య పెరిగినా నిలదొక్కుకున్న పిల్లలకు తోడ్పడిన వాటిలో ఉపాధ్యాయులు, ఇరుగుపొరుగు పెద్దల అండ కూడా ఉందని ఆ పరిశీలనలో తేలింది. అమెరికాలో 2002లో వెలువడిన మరో అధ్యయనం ప్రకారం, ఇలాంటి తోడు ఏడాదికి పైగా సాగిన పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయిన పిల్లల్లో ఆత్మగౌరవం తగ్గింది. తండ్రి దూరంగా ఉన్న మీ అబ్బాయికి మరో ఎడబాటు కల్పించవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

అలాగని కళ్లు మూసుకోమనడం లేదు. ఒక సాయంత్రం మీరే వెళ్లి ఆయనను పలకరించండి. పని నలుగురూ తిరిగే చోట జరుగుతోందో లేదో చూడండి. ఇంట్లో చెప్పవద్దని ఏ విషయం దాచమన్నా, ఒంటరిగా ఎక్కడికైనా రమ్మన్నా వెంటనే ఆపండి. అటువంటిదేమీ లేకపోతే, వాడి చదువు గురించి మీకున్న దిగులును ఆయనకే చెప్పుకోండి. మీ వారితో కూడా, ఫోనులో లెక్కల ప్రస్తావనకు ముందు ఆ పని గురించి అడగమనండి.

వాడు ఎప్పుడైనా తాను చేసిన చెంచా ఇంటికి తెస్తే అద్దాల బీరువాలో దాచకుండా, ఆ పూట కూర దానితోనే వడ్డించండి.