నార్మలైజేషన్ బుర్రకెక్కట్లేదు అన్నా!

ప్రశ్న: అన్నా, నేను బీటెక్ మూడో ఏడాది, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటా. డీబీఎంఎస్‌లో నార్మలైజేషన్, అదే డేటాబేస్ టేబుళ్లని సరిగ్గా విడగొట్టుకోవడం, అసలు బుర్రకెక్కట్లేదు. అమీర్‌పేటలో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష) కోర్సు చేస్తే చాలు, థియరీ వదిలెయ్ అంటున్నారు ఫ్రెండ్స్. నిజమేనా?

జవాబు: వదిలెయ్యకు తమ్ముడూ. కోర్సు చేసుకో, క్వెరీలు, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు, చేతికి అలవాటవుతాయి, మంచిదే, కానీ టేబులే తప్పుగా కట్టుకున్నాక ఎంత గొప్ప క్వెరీ రాసినా లాభం లేదు. హాస్టల్ సంగతే తీసుకో. ఓనర్‌కి 3 బ్రాంచీలున్నాయనుకో, ఒకే ఎక్సెల్ షీట్లో ప్రతి కుర్రాడి పేరు పక్కన బ్రాంచి, ఆ బ్రాంచి వార్డెన్ నంబరు కూడా కొట్టించాడు. వార్డెన్ సిమ్ మార్చాడా, 60 వరసల్లో మార్చాలి, ఒక్కటి మిస్సయిందంటే ఎవడో అర్ధరాత్రి గేటు బయట నిలబడి పాత నంబరుకే ఫోన్ కొడుతుంటాడు. సెలవులకి బ్రాంచి మొత్తం ఖాళీ అయి పేర్లు తీసేస్తే వార్డెన్ నంబరు కూడా వాటితోపాటే పోతుంది! ఆ నంబరు ఆధారపడింది కుర్రాడి మీద కాదు, బ్రాంచి మీద. అందుకే బ్రాంచీలకి వేరే టేబుల్ పెట్టు. నార్మలైజేషన్‌లో థర్డ్ నార్మల్ ఫామ్ అనే మెట్టు అంటే ఇంతే, కుర్రాడి నుంచి బ్రాంచి, బ్రాంచి నుంచి నంబరు, ట్రాన్సిటివ్ డిపెండెన్సీ అని సిలబస్‌లో భయపెట్టేది దీన్నే.

అన్నట్టు, ఐబీఎంలో పనిచేసిన కాడ్ అనే ఆయన రిలేషనల్ మోడల్ (డేటాని టేబుళ్లుగా పెట్టే పద్ధతి) పేపర్ రాసింది 1970లో, ఎస్‌క్యూఎల్ ఆ తర్వాతే పుట్టింది, అంటే థియరీయే ముందు. లాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వేసుకో, సర్వర్ గొడవ ఉండదు, ఈ రెండు టేబుళ్లూ ఇవ్వాళే కట్టి, బ్రాంచి పేరుతో కలిపి (జాయిన్ చేసి) చూడు. దీని పై మెట్టు బీసీఎన్ఎఫ్ సంగతి తర్వాత.