రోలర్ కోస్టర్ దిగినప్పటి నుంచి మా బాబు వాళ్ళ నాన్నతో తెలుగులో మాట్లాడటం లేదు

ప్రశ్న: మాది బరంపురం. బాబుకి 11 ఏళ్ళు. పోయిన నెల ఇచ్ఛాపురం నుంచి మా ఆడపడుచు వాళ్ళు వస్తే అందరం భువనేశ్వర్ దగ్గర అమ్యూజ్‌మెంట్ పార్కుకి వెళ్ళాం. బాబు రోలర్ కోస్టర్ ఎక్కనన్నాడు. ‘మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో జెయింట్ వీల్ ఎక్కావుగా, దీనికేమైంది’ అని మావారు చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. దిగగానే వాంతి చేసుకుని ఏడ్చాడు. వాళ్ళ బావ అది వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే అందరూ నవ్వారు. అప్పటి నుంచి నాన్న ఏమడిగినా ఒడియాలో ‘హఁ’, ‘నా’ అంటాడు, అంతే. ‘మా నాన్న నన్ను గోపాలపూర్ సముద్రంలోకి తోసి ఈత నేర్పాడు, నాకేమైంది’ అంటారు మావారు.

జవాబు: అమ్మా, ఒడియా గురించి మీరు రాసిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మీ ఊళ్ళో మన పిల్లలకి వీధిలో ఒడియా, ఇంట్లో తెలుగు. నాన్నతో ఇంటి భాష మానేశాడంటే ఆయన్ని వీధి మనిషిగా చూస్తున్నాడు. కోపం ఎలా చెప్పాలో తెలియక పసివాడు వెతుక్కున్న దారి అది. దయచేసి ‘నాన్నతో తెలుగులో మాట్లాడు’ అని ఒత్తిడి చేయకండి.

ఇక్కడి నుంచి మీవారికి చదివి వినిపించండి.

అయ్యా, జెయింట్ వీల్ నిదానంగా తిరుగుతుంది. ఎప్పుడు పైకి వెళ్తామో, ఎప్పుడు దిగుతామో కళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది. రోలర్ కోస్టర్ అలా కాదు. చాలావాటిలో బండికి ఇంజనే ఉండదు. గొలుసుతో మొదటి ఎత్తు మీదకి లాగి వదిలేస్తారు, అక్కడి నుంచి భూమ్యాకర్షణే పరుగెత్తిస్తుంది. జారేటప్పుడు ఒంట్లో బరువంతా పోయినట్టు, పేగులు పైకి లేచినట్టు ఉంటుంది. చెవి లోపల సమతూకం చూసే భాగానికీ కంటికీ పొంతన కుదరక కొందరికి వాంతి వస్తుంది. తప్తపాణి ఘాట్ ఎక్కుతుంటే బస్సులో వాంతి చేసుకునే పెద్దవాళ్ళు లేరా? వాళ్ళని పిరికివాళ్ళని అంటామా?

రోలర్ కోస్టర్ ఎక్కిన అందరికీ గుండె దడ ఉంటుంది. తనకు తానుగా కూర్చున్నవాడికి అది సరదా. వద్దన్నా కూర్చోబెడితే, కడ్డీ బిగించాక ఇక దిగడానికి వీల్లేదని తెలిసిన పిల్లాడికి అదే దడ నరకం. పక్కనున్న నాన్నే తన మాట వినలేదని కూడా వాడికి అప్పుడే తెలిసింది. వాడు ఈ రోజుకీ భయపడుతున్నది ఆ బండికి కాదనుకుంటున్నాను. తను వద్దంటే ఇంట్లో ఎవరైనా వింటారా అని.

గోపాలపూర్ సంగతి కూడా అడగాలనుంది. మీకు ఈత వచ్చింది, సరే. నీళ్ళు ముక్కులోకి పోయినప్పుడు మీ నాన్నగారి వైపు చూశారా? అప్పుడేమనిపించింది? ఇన్నేళ్ళయినా ఆ రోజే గుర్తొస్తోందంటే అది ఊరికే పోయిన రోజు కాదు. అప్పుడు మీకు ఎంత భయం వేసిందో బాబుకి చెప్పండి, ఈత వచ్చిన సంగతి పక్కన పెట్టి.

దానికంటే ముందు వీడియో సంగతి చూడండి. ఈ రాత్రే మీ తోబుట్టువుకి ఫోన్ చేసి తీయించండి, బాబు వినేలా. వాళ్ళ బావ కూడా పిల్లాడే, తిట్టక్కర్లేదు. ‘వాడు ఏడుస్తుంటే నవ్వడం నాకు నచ్చలేదు, నేనూ తప్పు చేశాను’ అని మేనమామగా మీరొక్క మాట అంటే చాలు. తర్వాత బాబు దగ్గర కూర్చుని, ‘నువ్వు వద్దన్నావు, నేను వినలేదు, తప్పు నాది’ అనండి. దాని వెనక ‘కానీ’ అని ఇంకేమీ చేర్చకండి. సైకిలు కొంటానని ఆశ పెట్టకండి. వాడు ‘హఁ’ అని ఊరుకుంటే లేచి వచ్చేయండి. మాట ఇంటి భాషలోకి తిరిగి రావడానికి వారాలు పట్టినా పట్టొచ్చు.

మళ్ళీ పార్కుకి వెళ్తే రైడ్ దగ్గరున్న బోర్డు వాడి చేతే చదివించండి. ఎంత ఎత్తున్నవాళ్ళు ఎక్కొచ్చో, బీపీ, గుండెజబ్బు, మెడ, నడుము నొప్పులున్నవాళ్ళు ఎందుకు ఎక్కకూడదో వాడికీ తెలుస్తుంది. వరసలో చివరిదాకా వెళ్ళి కూడా వద్దనుకుని పక్కకి తప్పుకోవచ్చు, చాలామంది అలా చేస్తారు. ముందే ఆ మాట చెప్పండి. నీళ్ళ ఆటల్లోనే రోజంతా ఉంటానంటే ఉండనివ్వండి.

అమ్మా, ఇది మీకు. ఆ రోజు మీరూ అక్కడే ఉన్నారు. ‘నువ్వెందుకు ఆపలేదు’ అని బాబు ఎప్పుడైనా అడిగితే సర్దిచెప్పకండి, ‘ఆపాల్సింది’ అనండి. నిద్రలో ఉలిక్కిపడటం, బడికి వెళ్ళననడం, తిండి తగ్గడం లాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకండి. మీ ఊళ్ళోనే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ముందు ఫోన్‌లో అడగాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.